విఠల్ తొలగింపు విషయమై

వార్ధా,
12 జూన్ 2002

బావగారికి,

వార్ధా ఎండకు సగం మాడిపోయినా, మీకు నమస్కారం పెట్టేంత ఓపిక ఇంకా మిగిలే ఉందని మీ ఏకైక బావమరిది ఉమాపతి తెలియజేసుకుంటున్నాడు.

అక్క మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? దబీర్‌పురా స్టేషన్ మెట్లు ఎక్కవద్దని చెప్పండి. నేను చెబితే వినదు. మీరు చెప్పినా వినదు, కానీ చెప్పినట్టుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మెట్ట వ్యవసాయ క్షేత్రంలో నా ఉద్యోగం వాన లెక్కలు చూడటం. చుట్టుపక్కల ఊళ్ళలో పెట్టిన వానమాపకాల నుంచి అంకెలు వస్తాయి. చూసి రాసేవాడు కొన్నాళ్ళు చూడకుండానే రాస్తాడు, కొన్నాళ్ళు అసలు రాయడు. ఆ అంకెలను కంప్యూటర్ మీద చక్కబెట్టడానికి నేను 'ఆర్' అనే భాష వాడుతున్నాను. దాని పేరు ఒక్క అక్షరమే. ఎక్కడెక్కడి పండితులో రాసి, ఉచితంగా లోకానికి వదిలేశారు. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి లోపల చూడవచ్చు, మార్చుకోవచ్చు. ఎవరికి కావలసిన పనిముట్లు వాళ్ళు రాసుకుని, అన్నీ ఒక మూటగా కట్టి, అందరికీ పనికొచ్చేట్టు ఇంటర్నెట్‌లో ఆర్కైవ్ అనే పెద్ద భండారంలో పెడతారు. ఆ మూటను ప్యాకేజీ అంటారు. నేనూ ఒకటి రాశాను. పేరు 'వానలెక్క'.

చిక్కు ఎక్కడంటే, ప్రతి ప్యాకేజీకి ఒక మెయింటెయినర్ ఉండాలని ఆర్కైవ్ నియమం. అంటే పేరూ, మెయిల్ చిరునామా ఉండి, పిలిస్తే పలికే మనిషి. నా పేరు పెడదామంటే, ఢిల్లీ అనుమతి లేకుండా సిబ్బంది పేర్లు బయట ఎక్కడా కనబడరాదని మా డైరెక్టర్ ఫైలు పెట్టాడు. ఆ ఫైలు ఎప్పటికి తిరిగొస్తుందో మీకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? అందుకని మీ పేరు పెడుతున్నాను. మీరు రిటైరై ఖాళీగా ఉన్నారని మాత్రం కాదు.

మీరు చేయవలసింది ఏమీ లేదు. మీ గల్లీలో బాలనర్సింహ ఇంటర్నెట్ సెంటర్ ఉంది కదా, వారానికోసారి అక్కడికి వెళ్ళండి. మెయిల్ వస్తే ప్రింటు తీయించి నాకు పోస్టు చేయండి. నేను పంపే ఫ్లాపీని అతనితో ఆర్కైవ్‌కు పంపించండి. ఇక్కడ మబ్బు కనబడితే చాలు, ఫోన్ లైను పడిపోతుంది. లేకపోతే ఈ శ్రమ మీకు ఇచ్చేవాణ్ణి కాదు. మెయిళ్ళకు జవాబు మాత్రం ఇవ్వకండి.

అక్క పచ్చిపులుసు తలచుకుంటూ మెస్సులో గడ్డి తింటున్న
ఉమాపతి


దబీర్‌పురా,
27 జూన్ 2002

చిరంజీవి ఉమాపతికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందినది. ఇన్‌వార్డు చేయనైనది. నంబరు ఒకటి.

మీ అక్క మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నేను మెట్ల సంగతి చెప్పాను. "మెట్లు ఎక్కకుంట రైలు ఎట్ల ఎక్కుత, గాల్లకెళ్ళి వస్తనా?" అన్నది. నీ పేరు చెప్పి ఊరుకున్నాను.

ఫ్లాపీ పంపించాము. ఆర్కైవ్ వాళ్ళ నిబంధనలు బాలనర్సింహ ప్రింటు తీసి, చదివి అర్థం చెప్పాడు. ఒక ప్యాకేజీకి రచయితలు ఎందరైనా ఉండవచ్చునట. మెయింటెయినర్ మాత్రం ఒక్కడే. అతని మాటే చివరి మాట. ఈ వాక్యం నేను మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను.

ఉమాపతీ, నేను ముప్పై నాలుగేళ్ళు సర్వీసు చేశాను. ప్రతి ఫైలు మీద "ఆమోదం కొరకు సమర్పించడమైనది" అని రాసి పైకి పుటప్ చేశాను. పైన సూపరింటెండెంటు పొట్టి సంతకం పెట్టేవాడు. ఆ పైవాడు ఇంకా పొట్టిది. అందరి కంటే పైనున్నాయన "ఆమోదించడమైనది" అని రాసి నిండు సంతకం చేసేవాడు. ఆ మాట రాసే అధికారం నాకు ఒక్కనాడూ రాలేదు. నువ్వు తెలిసి చేశావో తెలియక చేశావో, రిటైరైన తర్వాత నన్ను ఆఫీసర్ను చేశావు. నాకు చాలా సంతోషంగా ఉంది.

ఛత్తాబజార్‌లో రబ్బరు స్టాంపు చేయించాను. 'వి. విఠల్‌రావు, మెయింటెయినర్, వానలెక్క.' గుమ్మానికి బోర్డు కూడా తగిలించాను. మీ అక్క చూసి, "గింత పెద్ద బోర్డేంది? తలుపు కంటె గదే పెద్దగున్నది" అన్నది. ఎదురింటి మునీర్ సాబ్, ఆ గడియారాలు బాగుచేసే ఆయన, అద్దం కంటికి పెట్టుకుని మరీ చదివాడు.

"విఠల్‌రావ్ భాయ్, మెయింటెయినర్ అంటే ఏం మెయింటేన్ చేస్తవ్?"

"ప్యాకేజీ."

"కౌన్సా? ఉమ్రా కా?"

మక్కా యాత్ర ప్యాకేజీ కాదని చెప్పేలోపే ఆయన గల్లీలో నలుగురికి చెప్పేశాడు. ఇద్దరు పెద్దమనుషులు పాస్‌పోర్టులు పట్టుకుని వచ్చారు. ఒకావిడ మిక్సీ తెచ్చి, గిర్రున తిరుగుతోందే గాని పప్పు నలగడం లేదన్నది. మూడూ పెండింగులో ఉంచాను.

ఆశీస్సులతో,
వి. విఠల్‌రావు
మెయింటెయినర్
(స్టాంపు కొత్తది, కొంచెం అంటుకుంది.)


వార్ధా,
15 జూలై 2002

బావగారికి,

నమస్కారాలు. ముందు ఆ బోర్డు తీసేయండి.

పాస్‌పోర్టులు ఎవరివి వాళ్ళకు ఇచ్చేయండి. మిక్సీకి బ్లేడు అరిగి ఉంటుంది. బావా, మెయింటెయినర్ అనేది పదవి కాదు. ఉత్తరాలు వేసే డబ్బా లాంటిది. డబ్బాకు స్టాంపు ఎందుకు?

వానలెక్క ఆర్కైవ్‌లో కనబడిందని నాగపూర్ వెళ్ళినప్పుడు చూశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందుకు మీకూ బాలనర్సింహకూ ఎంత రుణపడ్డానో చెప్పలేను. కానీ బోర్డు తీసేయండి.

ఇక్కడ వానలు లేవు. అయినా ఒక ఊరి నుంచి రోజూ తప్పకుండా ఒకే అంకె వస్తోంది. ఏమిటా అని సైకిలు మీద పోయి చూస్తే, వానమాపకం మూతి మీద కోడి పొదుగుతోంది. గరాటు నిండా గుడ్లే. దాన్ని లేపబోతే నా చెయ్యి పొడిచింది. ఆ ఊరి సర్పంచి, "పిల్లలయ్యేదాకా ఆగండి సాబ్" అన్నాడు. ఆగాను. మర్చిపోకుండా ఆ ఊరి అంకెలు తీసేయాలి.

మెయిల్ వస్తే జవాబు ఇవ్వకండి. మళ్ళీ చెబుతున్నాను.

కోడి చేత పొడిపించుకున్న
ఉమాపతి


దబీర్‌పురా,
6 ఆగస్టు 2002

చిరంజీవి ఉమాపతికి,

మొన్ననే బోనాలు అయ్యాయి. లాల్‌దర్వాజా నుంచి వచ్చే మైకుల హోరుకు చెవులు ఇంకా గుయ్యిమంటున్నాయి. మధ్యలో కరెంటు పోయి బాలనర్సింహ సెంటరు మూడు రోజులు మూతబడింది. అందుకే ఆలస్యం.

బోర్డు తీసేద్దామని మేకు పీకబోతే గోడ పెచ్చు ఊడింది. కనుక బోర్డును యథాస్థానంలో ఉంచడమైనది.

ఫిన్లాండ్ దేశం నుంచి కిర్సీ అనే ఆవిడ మెయిల్ రాసింది. వానలెక్క తన దగ్గర పని చేయకుండా ఆగిపోతున్నదట. నువ్వు జవాబు ఇవ్వవద్దన్నావు. కానీ ఆవిడ "డియర్ మెయింటెయినర్" అని మొదలుపెట్టింది. ఉమాపతీ, మర్యాదగా పిలిచినవాళ్ళకు పలకకపోవడం మన ఇంట్లో లేదు. అందుకని కొన్ని అభ్యంతరాలు తెలియజేశాను. మీరు కొలిచేది మంచు, ఈ ప్యాకేజీ వానకు ఉద్దేశించినది, మంచుకు వాడుకునేందుకు తగిన అధికారి అనుమతి ఉన్నదా అని అడిగాను. ఆగిపోవడానికి ముందు మీరు ఏ ఆజ్ఞ ఇచ్చారో రాయలేదు. నమూనా అంకెలు జతపరచలేదు. తండ్రి పేరు లేదు. ఇవన్నీ సమర్పించిన పిమ్మట పరిశీలించబడును అని రాయించి పంపాను.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. నేను అడిగినట్టు నమూనా తయారుచేస్తూ ఉంటే, తప్పు ఎక్కడుందో ఆవిడకే తెలిసిందట. ఒక చోట సున్నా ఎక్కువ కొట్టిందట. చాలా కృతజ్ఞతలు చెప్పింది. చివర్లో తండ్రి పేరు ఎయినో అని రాసింది. పోయినేడు చనిపోయాడట. ఇంతవరకు ఏ మెయింటెయినరూ ఆయన గురించి అడగలేదట. ఆయన పడవ గురించి, ఆయన కాల్చుకు తినే చేప గురించి రెండు పేజీలు రాసింది. బాలనర్సింహ చదివి చెబుతుంటే మీ అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పాపం పిల్ల, గా చలిల ఒక్కతే ఉన్నదేమో, కరివేపాకు పొడి పంపుదాం" అన్నది. పోస్టాఫీసులో పొడులు తీసుకోమన్నారు. ఆ విషయం కూడా పెండింగులో ఉంది.

ఆవిడ ఎక్కడో మెచ్చుకుంటూ రాసినట్టుంది, ఇప్పుడు మిగతా దేశాల వాళ్ళు కూడా తండ్రి పేర్లతో సహా రాస్తున్నారు. బ్రెజిల్ ఆయన తాత పేరు కూడా రాశాడు. అన్నీ జతపరిచాను.

ఆశీస్సులతో,
వి. విఠల్‌రావు
మెయింటెయినర్


వార్ధా,
2 సెప్టెంబరు 2002

బావగారికి,

నమస్కారాలు. మీరు పంపిన కట్ట అందింది. మిమ్మల్ని తిట్టాలని కూర్చుని, కిర్సీ గారి తండ్రి చేప గురించి చదువుతూ ఉండిపోయాను. సరే, అదలా ఉంచండి.

ఆ కట్టలోనే ఆర్కైవ్ వాళ్ళ మెయిల్ ఒకటి ఉంది. అక్టోబరు మొదట్లో ఆర్ కొత్త వెర్షన్ వస్తోందట. వానలెక్క అందులో పరీక్ష నెగ్గడం లేదట. పరీక్ష అంటే, ప్యాకేజీలో ప్రతి పనిముట్టూ, దాని పక్కన రాసిన ప్రతి ఉదాహరణా ఆగకుండా నడవాలి. సెప్టెంబరు 30 లోపు సరిచేసి పంపకపోతే ఆర్కైవ్ నుంచి తీసేస్తారు. మీరు ఈ మెయిల్‌ను "సమాచారార్థం" అని రాసి అన్నిటికంటే అడుగున పెట్టారు.

బావా, ఇది నా ఉద్యోగానికి సంబంధించిన విషయం. అక్టోబరు 10న ఢిల్లీ నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. డైరెక్టర్ వాళ్ళ ముందు వానలెక్క నడిపి చూపిస్తాడు. వాళ్ళకు నచ్చితే నా ప్రాజెక్టు ఉంటుంది. ఆ రోజుకు ప్యాకేజీయే లేకపోతే ప్రాజెక్టు మూసేసి నన్ను చేపలు లెక్కబెట్టే ఆఫీసుకు తోలుతారు. నాలుగేళ్ళ పని బూడిదవుతుంది.

కొత్త ఫ్లాపీ జతచేశాను. దీన్ని మెయింటెయినర్ చిరునామా నుంచి పంపితేనే వాళ్ళు తీసుకుంటారు. బాలనర్సింహకు ఇచ్చి పంపించండి, అంతే. పరిశీలించకండి. మీకు దండం పెడతాను, పరిశీలించకండి.

ఉమాపతి


దబీర్‌పురా,
14 సెప్టెంబరు 2002

శ్రీ ఉమాపతి గారికి,

విషయం: ప్యాకేజీ నుండి విఠల్ తొలగింపు.

తమరి ఫ్లాపీ అందినది. పరిశీలించడమైనది.

ప్రతి పనిముట్టుకూ ఒక పేజీ వివరణ ఉండాలని నిబంధన ఉన్నందున, ఆ పేజీలన్నీ బాలనర్సింహ చేత ప్రింటు తీయించి చదివించుకున్నాను. అందులో మీ అక్క పేరుతో 'శారద' అనే పనిముట్టు ఒకటి ఉన్నది. "ఖాళీగా ఉన్న చోట్లను చుట్టుపక్కల చూసి, గొడవ లేకుండా నింపుతుంది" అని వివరణ. బాగున్నది. మీ అక్క ఆ పేజీని దేవుడి పటం వెనుక పెట్టుకున్నది.

ఆ తరువాతి పేజీలో 'విఠల్' అని ఉన్నది. "ప్రతి అంకెనూ చూసి హెచ్చరిక జారీ చేస్తుంది. దేన్నీ మార్చదు. ఫలితం ఏదీ ఇవ్వదు." ఉదాహరణ కూడా ఇచ్చారు. బాలనర్సింహ నడిపితే తెర నిండా హెచ్చరికలే. అతను నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు.

ఇంతటితో అయితే నేను ఊరుకునేవాడినే. కానీ కొత్త వెర్షన్ మార్పుల పేజీలో ఏమని ఉంది? "విఠల్ తొలగించబడినది. ఎవరికీ ఉపయోగం లేదు. విసుగు తెప్పిస్తోంది." ఇది నాలుగు ఖండాల వాళ్ళు చదువుతారు.

నా పేరు పెట్టడం ఒక తప్పు. పెట్టినవాణ్ణి తీసేయడం ఇంకా పెద్ద తప్పు. తొలగించే ముందు నోటీసు ఇవ్వలేదు. సంజాయిషీ అడగలేదు. ఆఫీసులో బంట్రోతునైనా ఇట్లా తీసేసేవాళ్ళం కాదు. మునీర్ సాబ్‌కు చెబితే పనిముట్లు కింద పెట్టి, "బావమరిది నిన్ను తీసేసిండా? సొంత బావమరిది? గిది అన్యాయం, జుల్మ్ భాయ్" అన్నాడు. ఆయన కన్నీళ్ళు పెట్టుకోవడం నేను ఇదే చూడటం.

ఫైలు పెండింగులో ఉంచడమైనది.

భవదీయుడు,
వి. విఠల్‌రావు
మెయింటెయినర్


వార్ధా,
19 సెప్టెంబరు 2002
(స్పీడ్ పోస్టు)

బావా,

ఆ పేర్లు నాలుగేళ్ళ కింద పెట్టాను. అప్పుడే మన ఊళ్ళో కార్వాన్ బస్తీ ఇల్లు ఖాళీ చేసి, ఇంటావిడను పుట్టింట్లో ఉంచి, బదిలీ మీద ఒక్కణ్ణే ఇక్కడికి వచ్చాను. తెలుగు మాట్లాడే దిక్కు లేదు. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో ఒక పేరు కొట్టాలి కదా, మనవాళ్ళ పేర్లు కొట్టుకున్నాను. అక్క పేరు కొడితే అక్క పిలిచినట్టుండేది. ఆర్కైవ్‌కు పంపే ముందు మార్చాలని ఉన్నా చేతులు రాలేదు.

మీ పేరు ఆ పనిముట్టుకు ఎందుకు పెట్టానో చెబుతాను. నా పెళ్ళి కార్డులు గుర్తున్నాయా? ప్రెస్సు నుంచి వస్తే అందరం చూసి బ్రహ్మాండంగా ఉన్నాయన్నాం. మీరొక్కరే "ఒక్క నిమిషం ఆగుండ్రి" అన్నారు. తారీఖు ముప్పై ఒకటి అని ఉంది. అది జూన్ నెల. ఆ రోజే లేదు. మీరు చూడకపోతే నా పెళ్ళికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు, నేను కూడా. అందుకని అన్ని అంకెలనూ ముందు చూసేదానికి మీ పేరు పెట్టాను. హేళనకు కాదు.

మరి ఎందుకు తీసేశానంటే, వాడేవాళ్ళు విసుక్కుంటున్నారు. నాకూ విసుగేసింది. అదీ నిజం. "ఎవరికీ ఉపయోగం లేదు" అని రాసినందుకు సిగ్గుపడుతున్నాను.

మీరు నన్ను ఎన్ని తిట్టినా పడతాను. 30వ తారీఖు లోపు ఆ ఫ్లాపీ మాత్రం పంపించండి.

ఉమాపతి


దబీర్‌పురా,
3 అక్టోబరు 2002

చిరంజీవి ఉమాపతికి,

ఆశీస్సులు. ప్యాకేజీ 30వ తారీఖు సాయంత్రం వెళ్ళింది. పరీక్ష నెగ్గింది. ఆర్కైవ్ వాళ్ళు కృతజ్ఞతలు చెప్పారు. ఇక ఫికర్ చేయకు.

నీ ఉత్తరం అందిన రోజే నా కోపం పోయింది. పెళ్ళి కార్డుల సంగతి నేనే మర్చిపోయాను. అయినా ఫైలు కదలలేదు. ఎందుకు కదలలేదో నీకు చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెబుతున్నాను, నవ్వకు.

ఫైలు ముందు పెట్టుకుని "ఆమోదించడమైనది" అని రాద్దామని కూర్చున్నాను. కలం కదలలేదు. చెయ్యి దానంతట అదే "ఆమోదం కొరకు సమర్పించడమైనది" అని రాసింది. రాసిన తర్వాత ఎవరికి సమర్పించాలా అని చూస్తే పైన ఫ్యాను తప్ప ఎవరూ లేరు. మర్నాడు కొత్త కాగితం తీశాను. మళ్ళీ అదే రాసింది. కిర్సీకీ, బ్రెజిల్ ఆయనకూ అభ్యంతరాలు చెప్పడం సులువు. అభ్యంతరం కింది వాడూ చెప్పవచ్చు. సరే అనడానికి పైవాడు కావాలి. ఇన్నాళ్ళూ మిక్సీతో సహా అన్నీ పెండింగులో ఎందుకు ఉన్నాయో నాకు అప్పుడు అర్థమైంది.

ఆఖరి రోజు మధ్యాహ్నం మీ అక్క వచ్చి, "ఏంది, గట్ల ఫ్యాను దిక్కు చూస్తున్నవ్?" అన్నది. చెప్పాను.

"నీ మీద ఎవ్వరు లేరా?"

"లేరు."

"మరి నేనెవర్ని? నాకు పుటప్ చెయ్."

పుటప్ చేశాను. పసుపు చేత్తోనే "సరే" అని రాసింది. కింద ఒక షరతు పెట్టింది. "మా ఆయనను మాత్రం తీసెయ్యొద్దు." పై అధికారి ఉత్తర్వు కనుక నేను ఏమీ చేయలేకపోయాను. బాలనర్సింహ పాత ఫ్లాపీ నుంచి విఠల్‌ను తెచ్చి మళ్ళీ పెట్టాడు. ఏ అంకె అయినా ముందు విఠల్ చూసిన తర్వాతే శారద దగ్గరికి పోయేట్టు కట్టాడు. హెచ్చరిక వాక్యాలు మరీ మొరటుగా ఉన్నాయని నేను కొంచెం ఆఫీసు పద్ధతిలోకి మార్చాను. ఈ సంగతి ముందే చెబితే నువ్వు కంగారు పడతావని చెప్పలేదు.

మూడు రోజుల్లో బతుకమ్మ. మీ అక్క తంగేడు పూల కోసం గల్లీ అంతా తిరుగుతోంది. మోకాళ్ళు బాగానే ఉన్నాయన్నమాట.

ఆశీస్సులతో,
వి. విఠల్‌రావు
మెయింటెయినర్ (పై అధికారి ఉత్తర్వు మేరకు)


వార్ధా,
16 అక్టోబరు 2002

బావా!

మీ ఉత్తరం ప్రదర్శన అయిన మర్నాడు అందింది. ముందే అంది ఉంటే నేను బావిలో దూకి ఉండేవాణ్ణి. దూకనందుకు సంతోషిస్తున్నాను. దసరా శుభాకాంక్షలు ఆలస్యంగా.

విషయం వినండి. హాలు నిండా జనం. ముందు వరుసలో ఢిల్లీ వాళ్ళు. డైరెక్టర్ కొత్త కోటు వేసుకుని వచ్చి వానలెక్క నడిపాడు. గోడ మీద పెద్ద తెర. గ్రాఫు వస్తుందని అందరూ చూస్తున్నారు. గ్రాఫు రాలేదు. ఇంగ్లీషులో, పెద్ద అక్షరాల్లో ఇట్లా వచ్చింది.

"అభ్యంతరం. ఈ ఊరి అంకె ప్రతిరోజూ ఒక్కటిగానే ఉన్నది. నమ్మదగినదిగా లేదు. స్వయంగా వెళ్ళి చూసినవారు ఎవరు? సంతకం కనబడుట లేదు. వి. విఠల్‌రావు."

అది కోడి ఊరు, బావా. ఆ అంకెలు తీసేయడం మర్చిపోయాను.

డైరెక్టర్ నా చెవిలో, "విఠల్‌రావు ఎవరు? ఆడిటా?" అన్నాడు. ఢిల్లీ పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఆయన నిలబడేసరికి అందరూ నిలబడ్డారు. తెర ముందు హాలంతా అట్లా నిలబడి ఉంది. చివరికి ఆయన, "సంతకం లేనిది నిజమే కదా, పోయి చూద్దాం పదండి" అన్నాడు. మూడు జీపుల్లో బయలుదేరాం. వానమాపకం మీద కోడి అట్లాగే ఉంది. మొదటి పిల్లలు పెద్దవై చుట్టూ తిరుగుతున్నాయి, ఇది రెండో విడత పొదుగుడు. ఢిల్లీ ఆయన వంగి చూడబోతే ఆయన్నీ పొడిచింది.

తిరుగుదారిలో ఆయన ఒకటే పొగడ్త. ఇన్నేళ్ళ సర్వీసులో సంతకం ఏదని అడిగిన కంప్యూటర్‌ను ఇదే చూడటం అన్నాడు. ప్రాజెక్టు ఇంకో మూడేళ్ళు పొడిగించారు. నేను చేపల దగ్గరికి పోనవసరం లేదు.

ఇంకో శుభవార్త. డైరెక్టర్ ఆడిట్ భయంతో, సిబ్బంది పేర్ల అనుమతి కోసం పెట్టిన పాత ఫైలు మీద ఢిల్లీ ఆయన చేతే అక్కడికక్కడ సంతకం చేయించాడు. ఇక ప్యాకేజీ మీద మెయింటెయినర్‌గా నా పేరే పెట్టుకోవచ్చు. ఉత్తర్వు నకలు జతచేశాను. బావా, ఇక మీకు ఏ శ్రమా లేదు. బాలనర్సింహ సెంటరుకు తిరిగే బాధ తప్పింది. హాయిగా విశ్రాంతి తీసుకోండి.

సంతోషం పట్టలేకుండా ఉన్న
ఉమాపతి


దబీర్‌పురా,
28 అక్టోబరు 2002

చిరంజీవి ఉమాపతికి,

ఆశీస్సులు. ఉత్తర్వు అందినది. నీ ప్రాజెక్టు నిలిచినందుకు మీ అక్కా నేనూ చాలా సంతోషించాము.

చార్జి అప్పగింత వివరాలు. మెయిల్ పాస్‌వర్డు విడిగా కవరులో పెట్టాను. స్టాంపు సిరా కడిగి ఈ పార్సెల్‌లోనే పంపుతున్నాను. బోర్డు ఈ రోజు పొద్దున తీసేశాను. గోడ పెచ్చు ఊడింది, సిమెంటు పూయించాలి. మిక్సీ ఆవిడకు మిక్సీ తిరిగి ఇచ్చేశాను. కిర్సీ కిందటి మెయిల్‌లో మీ అక్క మోకాళ్ళ గురించి అడిగింది. జవాబు నువ్వు రాయి.

పొద్దున బోర్డు తీస్తుంటే మునీర్ సాబ్ కొట్టు మెట్లు దిగి వచ్చి మేకులు పట్టుకున్నాడు. మీ అక్క, "గోడ మస్తు బోసిగున్నది" అని లోపలికి పోయింది.

నాకు బాధగా ఉంది. రాయకూడదనుకున్నాను గాని రాయకుండా ఉండలేకపోతున్నాను. ఆ ఒక్క మాట ఒక్కసారైనా రాసి ఉండవలసింది. కుర్చీ ఉన్నన్నాళ్ళూ చెయ్యి రాలేదు. ఇప్పుడు వస్తుందేమో అనిపిస్తోంది, రాయడానికి కాగితం లేదు.

పై వివరాలు తమరి స్వీకృతి కొరకు సమర్పించడమైనది.

వి. విఠల్‌రావు


వార్ధా,
8 నవంబరు 2002

బావగారికి,

విషయం: చార్జి అప్పగింతపై అభ్యంతరాలు.

తమరి పార్సెల్ అందినది. ఇన్‌వార్డు చేయనైనది. నంబరు ఒకటి. మాకు ఇన్‌వార్డు పుస్తకం లేనందున గోడ మీద రాయడమైనది.

పరిశీలించగా, ఢిల్లీ ఉత్తర్వులో ఉమాపతి పేరు పెట్టుకోవచ్చును అని ఉన్నదే గాని, పెట్టి తీరవలెనని లేదు. తాము ఉత్తర్వు పూర్తిగా చదవకుండానే బోర్డు తీసినట్టు కనబడుతున్నది. తమరి సర్వీసులో ఇటువంటి పొరపాటు ఎన్నడూ జరగలేదని మా అక్క చెప్పగా విన్నాము. అదిగాక, పుచ్చుకునేవాడు సంతకం పెట్టనిదే చార్జి అప్పగింత చెల్లదు. నేను సంతకం పెట్టను. కిర్సీ గారిని తండ్రి పేరు అడిగినది తమరు, నేను కాదు. ఆవిడకు జవాబు రాయడానికి నేను తగిన అధికారిని కాను.

బావా, "హాయిగా విశ్రాంతి తీసుకోండి" అని రాసేటప్పుడు నాకు మీ మొహం కనబడలేదు. మీ ఉత్తరం చదువుతుంటే కనబడింది. నన్ను క్షమించండి.

స్టాంపు వెనక్కి పంపుతున్నాను. కొత్త ఫ్లాపీ కూడా పెట్టాను. అందులో రచయిత ఉమాపతి అనీ, మెయింటెయినర్ వి. విఠల్‌రావు అనీ ఉంది. విఠల్ వివరణ పేజీ మార్చాను. "అన్నిటికంటే ముందు ఇది చూస్తుంది. ఇది చూడనిదే ఏదీ ముందుకు కదలదు." ఉదాహరణగా ఆ కోడి ఊరి అంకెలే ఇచ్చాను. పరిశీలించండి. ఎన్నాళ్ళైనా పరిశీలించండి, ఈసారి గడువు లేదు.

ఒక్కటే షరతు. ఈ ఫైలు అక్కకు పుటప్ చేయకూడదు. దీని మీద పైవాళ్ళు ఎవరూ లేరు.

మీ ఆమోదం కొరకు సమర్పించడమైనది.

ఉమాపతి


దబీర్‌పురా,
19 నవంబరు 2002

ఆమోదించడమైనది.

వెలమకన్ని విఠల్‌రావు
మెయింటెయినర్